ఉన్న నాలుగు కౌంటర్లను అందరికీ పంచడం: లినక్స్ కెర్నెల్‌లో హార్డ్‌వేర్ పెర్ఫార్మెన్స్ కౌంటర్లు వాడుకునే పద్ధతి

పెర్ఫ్ అనేది లినక్స్‌లో పనితీరు కొలిచే సాధనం. సైకిల్స్, పూర్తయిన ఇన్‌స్ట్రక్షన్లు, క్యాష్ మిస్‌లు (కావలసిన డేటా క్యాష్ మెమరీలో దొరకని సందర్భాలు) వంటి ఈవెంట్లను అది ప్రాసెసర్‌లోని హార్డ్‌వేర్ కౌంటర్లు అనే చిన్న రిజిస్టర్లతో లెక్కిస్తుంది. పెర్ఫ్ స్టాట్ ఆదేశంతో ఒక ప్రోగ్రామ్‌ను కొలిచినప్పుడు కొన్నిసార్లు ప్రతి వరుస చివర బ్రాకెట్లలో 66.67 శాతం వంటి ఒక అంకె కనిపిస్తుంది. చాలామంది దానిని దాటేసి, ఎడమవైపు ఉన్న పెద్ద సంఖ్యను మాత్రమే తమ నివేదికలో రాసుకుంటారు. నిజానికి ఆ వరుసలో ముందుగా చదవవలసింది ఆ శాతాన్నే. ప్రోగ్రామ్ నడిచిన సమయంలో మూడింట రెండు వంతులు మాత్రమే ఆ ఈవెంట్‌కు హార్డ్‌వేర్ కౌంటర్ దొరికిందనీ, మిగిలిన వంతును కెర్నెల్ ఇచ్చిన సమయాల ఆధారంగా పెర్ఫ్ అంచనా కట్టి కలిపిందనీ దాని అర్థం. కౌంటర్లు కొన్నే ఉండి, అడిగేవాళ్లు ఎక్కువైనప్పుడు కెర్నెల్ వాటిని వంతులవారీగా పంచుతుంది. ఆ పంపకం ఎలా జరుగుతుందో తెలుసుకుని, దానికి తగినట్లు కొలతను ముందే అమర్చుకునే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. ఉదాహరణలన్నీ లినక్స్‌కు, అందులోనూ ఎక్కువగా ఎక్స్86 ప్రాసెసర్లకు చెందినవి.

ముందుగా కౌంటర్లు లెక్కపెట్టుకోండి

ఎన్ని కౌంటర్లు ఉన్నాయో తెలియకుండా ఎన్ని ఈవెంట్లు అడగాలో నిర్ణయించలేము. ఇంటెల్ స్కైలేక్ ప్రాసెసర్‌లో హైపర్‌థ్రెడింగ్ (ఒకే కోర్‌ను రెండు థ్రెడ్లుగా నడిపే సౌకర్యం) పనిచేస్తున్నప్పుడు ఒక్కో థ్రెడ్‌కు ఏ ఈవెంట్‌నైనా లెక్కించగల సాధారణ కౌంటర్లు 4 ఉంటాయి. బయోస్‌లో హైపర్‌థ్రెడింగ్ ఆపేస్తే అవి 8 అవుతాయి. వీటికి అదనంగా పూర్తయిన ఇన్‌స్ట్రక్షన్లు, కోర్ సైకిల్స్, రిఫరెన్స్ సైకిల్స్ కోసం మాత్రమే పనికివచ్చే స్థిర కౌంటర్లు 3 ఉన్నాయి. ఐస్ లేక్ నుంచి సాధారణ కౌంటర్లు 8కి, స్థిర కౌంటర్లు 4కి పెరిగాయి. ఏఎండీ జెన్ కోర్‌లో సాధారణ కౌంటర్లు 6. ఆర్మ్ కార్టెక్స్ ఏ53, ఏ72 కోర్లలో ఈవెంట్ కౌంటర్లు 6, వాటికి తోడు సైకిల్స్ కోసం విడిగా ఒకటి ఉంటాయి.

మీ సొంత యంత్రం సంగతి తెలుసుకోవడానికి బూట్ సమయంలో కెర్నెల్ రాసిన సందేశాలు చూడండి. ఇంటెల్ యంత్రాలపై డీమెసేజ్ ఫలితంలో జెనరిక్ రిజిస్టర్లు ఎన్ని, ఫిక్స్‌డ్ పర్పస్ ఈవెంట్లు ఎన్ని, బిట్ విడ్త్ ఎంత అని వరుసగా ఉంటుంది. ఆ మూడు అంకెలనూ మీ కొలతల నోట్స్‌లో మొదటి వరుసగా రాసుకోవడం మంచి అలవాటు. ఆరు నెలల తర్వాత వేరే యంత్రంపై అదే కొలత చేసినప్పుడు ఫలితాలు ఎందుకు మారాయో ఆ వరుసే చెబుతుంది.

వర్చువల్ మెషీన్ మీద పని చేస్తున్నట్లయితే ఇంకో విషయం చూసుకోవాలి. హైపర్‌వైజర్ కౌంటర్లను లోపలికి ఇవ్వకపోతే పెర్ఫ్ స్టాట్ సంఖ్య స్థానంలో "నాట్ సపోర్టెడ్" అని రాస్తుంది. "నాట్ కౌంటెడ్" అనేది వేరు. మొదటిదానికి అర్థం ఆ ఈవెంట్ ఆ యంత్రంపై లేదని, రెండోదానికి అర్థం ఈవెంట్ ఉన్నా దానికి వంతు ఒక్కసారి కూడా రాలేదని. రెండూ ఒకటేనని పొరబడి కారణం కోసం తప్పు చోట వెతికేవారు తరచూ కనిపిస్తారు.

ఆ తర్వాత, ఉన్నవాటిలో ముందే ఎవరెవరు పట్టుకున్నారో చూడండి

ఎక్స్86పై సాధారణంగా మొదటి వాటాదారు కెర్నెలే. ఇంటరప్టులు ఆపివేసిన స్థితిలో ఒక సీపీయూ ఇరుక్కుపోతే పసిగట్టే ఎన్ఎంఐ (ఆపివేయడానికి వీల్లేని ఇంటరప్టు) వాచ్‌డాగ్, ప్రతి సీపీయూపై సైకిల్స్ లెక్కించే ఒక కౌంటర్‌ను ఎప్పటికీ తన దగ్గరే ఉంచుకుంటుంది. దాని గడువు మామూలుగా 10 సెకన్లు. అది స్థిర సైకిల్స్ కౌంటర్‌ను తీసుకుంటే, మీరు అడిగిన సైకిల్స్ ఈవెంట్ సాధారణ కౌంటర్ మీదికి జరుగుతుంది. అంటే నాలుగు కౌంటర్లున్న యంత్రంలో మీ చేతికి వచ్చేవి మూడే. ప్రోక్ కింద సిస్, దాని కింద కెర్నెల్ డైరెక్టరీలో ఎన్ఎంఐ వాచ్‌డాగ్ అనే ఫైలులో 0 రాస్తే ఆ కౌంటర్ విడుదలవుతుంది. 2023లో వచ్చిన 6.5 కెర్నెల్ నుంచి పక్క సీపీయూలే ఒకదాన్నొకటి గమనించుకునే బడ్డీ డిటెక్టర్ కూడా అందుబాటులో ఉంది. అది కౌంటర్‌ను అసలు వాడదు కాబట్టి, కెర్నెల్‌ను స్వయంగా నిర్మించుకునేవారికి దానిని ఎంచుకోమనే నా సలహా.

రెండో రకం వాటాదారులు యూజర్ స్పేస్‌లోని పర్యవేక్షణ ప్రోగ్రాములు. వీటిని కనిపెట్టడం తేలిక. ప్రోక్ కింద ప్రతి ప్రాసెస్‌కు ఉండే ఎఫ్‌డీ (తెరిచి ఉంచిన ఫైళ్ల) డైరెక్టరీలోని లింకులలో పెర్ఫ్ ఈవెంట్ అనే పేరుతో అనామక ఐనోడ్ కనిపిస్తే, ఆ ప్రాసెస్ కనీసం ఒక ఈవెంట్‌ను తెరిచి ఉంచిందని అర్థం. రూట్ అనుమతితో ఎల్ఎస్ఓఎఫ్ ఆదేశం నడిపి ఆ పేరు కోసం వెతికితే మొత్తం జాబితా ఒకేసారి వస్తుంది. వాచ్‌డాగ్ మాత్రం ఈ జాబితాలో కనిపించదు, ఎందుకంటే అది కెర్నెల్ లోపలే తెరుచుకున్న ఈవెంట్, దానికి ఫైల్ డిస్క్రిప్టర్ లేదు.

ఈ తనిఖీ ఎంత అవసరమో నేను ఒక సర్వర్‌పై స్వయంగా చూశాను. ఉదయం సక్రమంగా వచ్చిన కొలతలు మధ్యాహ్నం నుంచి సగం శాతానికి పడిపోయేవి. ప్రోగ్రామ్ మారలేదు, డేటా మారలేదు. రెండు రోజులు మెమరీ కేటాయింపుల్లో తప్పు వెతికాక ఎఫ్‌డీ జాబితా తెరిచి చూస్తే, మధ్యాహ్నం మొదలయ్యే ఒక పర్యవేక్షణ ఏజెంట్ ప్రతి సీపీయూపై రెండు ఈవెంట్లను పిన్ చేసి, అంటే వంతుల్లోకి రాకుండా కౌంటర్లకు కట్టేసి, ఉంచుతోంది. ఆ ఒక్క జాబితా మొదటి రోజే చూసి ఉంటే సరిపోయేది.

కెర్నెల్ పంపకం చేసే తీరు

పెర్ఫ్ ఈవెంట్స్ వ్యవస్థ 2009లో 2.6.31 కెర్నెల్‌తో లినక్స్‌లోకి వచ్చింది. అంతకుముందు పెర్ఫ్‌సీటీఆర్, పెర్ఫ్‌మాన్2 కెర్నెల్ బయట ప్యాచ్‌లుగా ఉండేవి, ఓప్రొఫైల్ కెర్నెల్ లోపల ఉండేది. ఓప్రొఫైల్ హార్డ్‌వేర్‌ను రిజర్వ్ చేసుకున్నంతసేపు మరొకరు దానిని వాడలేరు. పెర్ఫ్ ఈవెంట్స్ తెచ్చిన ముఖ్యమైన మార్పు, కౌంటర్‌ను పట్టుకునే హక్కు సాధనం నుంచి కెర్నెల్‌కు మారడం. సాధనం ఇప్పుడు ఈవెంట్‌ను మాత్రమే అడుగుతుంది, ఏ కౌంటర్‌పై ఎప్పుడు లెక్కించాలో కెర్నెల్ నిర్ణయిస్తుంది. ఓప్రొఫైల్ కెర్నెల్ భాగాన్ని 2021లో 5.12లో తొలగించారు.

పంపకంలో కెర్నెల్ పాటించే ప్రాధాన్య క్రమం నాలుగు మెట్లుగా ఉంటుంది: మొదట సీపీయూకు కట్టిన పిన్ ఈవెంట్లు, తర్వాత టాస్క్‌కు (నడుస్తున్న ఒక ప్రాసెస్ లేదా థ్రెడ్‌కు) కట్టిన పిన్ ఈవెంట్లు, ఆ తర్వాత సీపీయూకు చెందిన మామూలు ఈవెంట్లు, చివరగా టాస్క్‌కు చెందిన మామూలు ఈవెంట్లు. మీరు ఒక ప్రాసెస్‌ను కొలవడానికి మామూలుగా పెర్ఫ్ స్టాట్ నడిపితే మీ ఈవెంట్లు చివరి మెట్టుపై ఉంటాయి. కాలువ కింద చివరి ఆయకట్టు పరిస్థితే వాటిది, పైవాళ్లు వాడుకోగా మిగిలింది కిందికి వస్తుంది. పైన చెప్పిన ఏజెంట్ రెండు ఈవెంట్లతోనే నా కొలతను ఎందుకు చెడగొట్టిందో ఈ క్రమం చూస్తే అర్థమవుతుంది.

మామూలు ఈవెంట్లు ఉన్న చోటుకు మించితే కెర్నెల్ వాటిని తిప్పుతుంది. ఈ తిప్పడానికి ఒక హై రిజల్యూషన్ టైమర్ ఉంది. దాని వ్యవధి కెర్నెల్ టిక్ వేగాన్ని బట్టి నిర్ణయమవుతుంది. సెకనుకు 250 టిక్‌లతో నిర్మించిన కెర్నెల్‌లో అది 4 మిల్లీసెకన్లు, 1000 టిక్‌ల కెర్నెల్‌లో 1 మిల్లీసెకను. సిస్ ఫైల్ సిస్టమ్‌లో ఈవెంట్ సోర్స్ బస్ కింద సీపీయూ డైరెక్టరీలో ఉండే మక్స్ ఇంటర్వల్ ఫైలులో ఆ విలువను చూడవచ్చు, రూట్‌గా మార్చవచ్చు. నాలుగు కౌంటర్లపై ఆరు విడి ఈవెంట్లు ఉంటే ప్రతి మలుపులో వరుస ముందున్నది చివరికి వెళుతుంది కాబట్టి, దీర్ఘకాలంలో ఒక్కొక్కదానికి ఆరింట నాలుగు వంతులు దక్కుతాయి. మొదటి పేరాలోని 66.67 శాతం అక్కడినుంచే వచ్చింది.

ఒక చిక్కు గురించి ఇక్కడే చెప్పాలి. వరుసలో ఒక మామూలు గ్రూపుకు (అన్నీ కలిసే కౌంటర్లెక్కే ఈవెంట్ల కట్టకు) చోటు చాలకపోతే, ఆ జాబితాలో దాని వెనక ఉన్న హార్డ్‌వేర్ ఈవెంట్లను ఆ విడతకు కెర్నెల్ ప్రయత్నించదు. ఒక కౌంటర్ ఖాళీగా ఉండి, వెనక ఉన్న ఒంటరి ఈవెంట్ అందులో సరిపోయేదైనా సరే, అక్కడితో ఆగిపోతుంది. ముందున్నవాళ్లను దాటి వెనకవాళ్లు చొరబడకుండా ఉండటానికి ఇది అవసరమే, కానీ దీనివల్ల కొన్ని కౌంటర్లు ఊరికే ఉండిపోతాయని మనం గుర్తుంచుకోవాలి.

ఇంకా, అన్ని కౌంటర్లూ ఒకటి కావు. ఇంటెల్ హాస్వెల్‌లో ఎల్1 డేటా క్యాష్ మిస్ కోసం వేచి ఉన్న అభ్యర్థనలను లెక్కించే ఈవెంట్ 2వ నంబరు కౌంటర్‌పై మాత్రమే పనిచేస్తుంది. అలా వేచి ఉన్న సైకిల్స్‌ను లెక్కించే మరో ఈవెంట్‌కు కూడా అదే కౌంటర్ కావాలి. ఇటువంటి పరిమితుల పట్టిక కెర్నెల్ దగ్గర ఉంటుంది. అది తక్కువ ఎంపికలున్న ఈవెంట్లకు ముందుగా చోటు చూపి, ఎక్కడైనా సర్దుకోగలవాటిని చివర కూర్చోబెడుతుంది. అయినా ఆ రెండు ఈవెంట్లనూ ఒకే గ్రూపులో అడిగితే తెరిచే దశలోనే చెల్లని ఆర్గ్యుమెంట్ అనే ఎర్రర్ వస్తుంది. అప్పుడు కారణం మీ ప్రోగ్రామ్‌లో వెతకవద్దు, ఈవెంట్ పట్టికలో ఏ కౌంటర్‌పై అనుమతి ఉందో చూడండి.

టాస్క్ మారినప్పుడు జరిగేది కూడా తెలిసి ఉండాలి. సీపీయూ ఒక టాస్క్‌ను పక్కనపెట్టేటప్పుడు కెర్నెల్ దాని కౌంటర్లను ఆపి, ప్రస్తుత విలువలోంచి క్రితంసారి చదివిన విలువను తీసివేసి, ఆ తేడాను మెమరీలోని 64 బిట్ల మొత్తానికి కలుపుతుంది. తర్వాత వచ్చే టాస్క్‌కు తన ఈవెంట్లుంటే వాటితో కౌంటర్లను మళ్లీ అమరుస్తుంది. ఎక్స్86పై కౌంటర్ నిండిందని చెప్పే ఓవర్‌ఫ్లో ఇంటరప్టు ఎన్ఎంఐగా వస్తుంది కాబట్టి, ఈ తీసివేత మధ్యలోనే వచ్చి అదే పని చేయగలదు. రెండుసార్లు కలిసిపోకుండా ఉండటానికి కెర్నెల్ పాత విలువను కంపేర్ ఎక్స్ఛేంజ్‌తో (ఈలోగా అది మారకుండా ఉంటేనే మార్చే ఇన్‌స్ట్రక్షన్‌తో) మార్చి, మధ్యలో ఎవరైనా మార్చి ఉంటే మళ్లీ మొదటినుంచి చేస్తుంది. సొంతంగా పీఎంయూ (ఈ కౌంటర్లుండే హార్డ్‌వేర్ విభాగం) డ్రైవర్ రాసేవారు ఈ చిన్న లూప్‌ను శ్రద్ధగా చదవాలి. ఇది లేని డ్రైవర్ పరీక్షల్లో బాగానే కనిపించి, ఒత్తిడి పెరిగినప్పుడు తప్పు లెక్కలు ఇస్తుంది.

కౌంటర్ వెడల్పు కూడా ముఖ్యమే. 3 గిగాహెర్ట్జ్ వద్ద సైకిల్స్ లెక్కించే 48 బిట్ల కౌంటర్ నిండటానికి సుమారు 26 గంటలు పడుతుంది. 32 బిట్లదైతే దాదాపు 1.4 సెకన్లకే నిండిపోతుంది. ఓవర్‌ఫ్లో ఇంటరప్టును అందుకుని 64 బిట్ల మొత్తాన్ని కెర్నెలే నిలబెడుతుంది కాబట్టి వాడేవారికి అది కనిపించదు. 32 బిట్ల కౌంటర్లున్న ఆర్మ్ కోర్లపై 64 బిట్ల లెక్క కోరితే పక్కపక్కన ఉన్న రెండు కౌంటర్లను కెర్నెల్ గొలుసుగా కలుపుతుంది. అప్పుడు ఆరు కౌంటర్లు మూడింటితో సమానం.

సమయాలు చదవకుండా సంఖ్యను నమ్మవద్దు

సొంతంగా ప్రోగ్రామ్ రాసేవారు పెర్ఫ్ ఈవెంట్ ఓపెన్ అనే సిస్టమ్ కాల్‌ను వాడతారు. దీనికి గ్లిబ్‌సీ అనే సీ లైబ్రరీలో విడి ఫంక్షన్ లేదు, సిస్‌కాల్ ఫంక్షన్ ద్వారానే పిలవాలి. ప్రాసెస్ సంఖ్యగా 0, సీపీయూ సంఖ్యగా మైనస్ 1 ఇస్తే పిలిచిన టాస్క్‌నే ఏ సీపీయూపై ఉన్నా కొలుస్తుంది. ప్రాసెస్ సంఖ్యగా మైనస్ 1 ఇచ్చి ఒక సీపీయూను పేర్కొంటే ఆ సీపీయూపై నడిచే ప్రతిదాన్నీ కొలుస్తుంది. ఇక్కడ తప్పనిసరిగా చేయవలసింది ఒకటే: రీడ్ ఫార్మాట్‌లో టోటల్ టైమ్ ఎనేబుల్డ్, టోటల్ టైమ్ రన్నింగ్ అనే రెండింటినీ కోరడం. మొదటిది ఈవెంట్ లెక్కింపుకు సిద్ధంగా ఉన్న సమయం, రెండోది దానికి నిజంగా కౌంటర్ దక్కిన సమయం. టాస్క్ నిద్రలో ఉన్న కాలం రెండింటిలోనూ చేరదు కాబట్టి, వాటి మధ్య తేడా వచ్చిందంటే పంపకమే కారణం.

అంచనా కట్టే సూత్రం సులభం. వచ్చిన లెక్కను ఎనేబుల్డ్ సమయంతో గుణించి రన్నింగ్ సమయంతో భాగించాలి. లెక్క 6 కోట్లు, ఎనేబుల్డ్ 100 మిల్లీసెకన్లు, రన్నింగ్ 40 మిల్లీసెకన్లు అయితే అంచనా 15 కోట్లు. పెర్ఫ్ స్టాట్ ఇదే పని మనకు చెప్పకుండా చేసి, బ్రాకెట్లలో శాతం మాత్రం చూపిస్తుంది. రన్నింగ్ సమయం 0 అయితే అంచనా లేదు, ఆ వరుసను పక్కన పెట్టాలి.

ఈ సూత్రం ఎక్కడ తప్పుతుందో ఒక లెక్కతో చూపిస్తాను. 100 మిల్లీసెకన్లు నడిచే ఒక ప్రోగ్రామ్ మొదటి 20 మిల్లీసెకన్లలో ఫైలు చదువుతూ 1 కోటి క్యాష్ మిస్‌లు, మిగిలిన 80 మిల్లీసెకన్లలో గణన చేస్తూ 10 లక్షల మిస్‌లు చేస్తుందనుకోండి. అసలు మొత్తం 1 కోటి 10 లక్షలు. ఇప్పుడు ఒకేసారి చోటు పట్టని రెండు గ్రూపులు 4 మిల్లీసెకన్లకొకసారి మారుతున్నాయి, రెండింటిలోనూ క్యాష్ మిస్ ఈవెంట్ ఉంది. మొదటి 20 మిల్లీసెకన్లలో ఐదు వంతులుంటాయి. మొదటి గ్రూపుకు మూడు, రెండో గ్రూపుకు రెండు దక్కుతాయి. మిగతా ఇరవై వంతులు సమానంగా వస్తాయి. మొదటి గ్రూపు 60 లక్షలు, 5 లక్షలు కలిపి 65 లక్షలు చూస్తుంది. దాని రన్నింగ్ సమయం 52 మిల్లీసెకన్లు, అంచనా 1 కోటి 25 లక్షలు. రెండో గ్రూపు 40 లక్షలు, 5 లక్షలు కలిపి 45 లక్షలు చూస్తుంది. దాని రన్నింగ్ సమయం 48 మిల్లీసెకన్లు, అంచనా 93 లక్షల 75 వేలు. ఒకే ప్రోగ్రామ్, ఒకే ఈవెంట్, ఒకే పరుగు, శాతాలు 52, 48 అని దాదాపు సమానం. అయినా ఒకటి అసలుకంటే సుమారు 14 శాతం ఎక్కువ, మరొకటి సుమారు 15 శాతం తక్కువ. ఎక్కువసేపు ఒకే తీరుగా నడిచే పనికి అంచనా బాగా సరిపోతుంది. దశలు మారే చిన్న పనికి దానిని వాడకపోవడమే నయం.

గ్రూపులు, పిన్ చేయడం

రెండు ఈవెంట్ల నిష్పత్తి కావలసినప్పుడు వాటిని ఒకే గ్రూపులో పెట్టాలి. పెర్ఫ్ స్టాట్‌లో ఈవెంట్ల పేర్లను కర్లీ బ్రాకెట్లలో కామాతో రాస్తే అవి గ్రూపు అవుతాయి. సిస్టమ్ కాల్‌లోనైతే మొదటి ఈవెంట్ డిస్క్రిప్టర్‌ను మిగతావాటికి గ్రూపు నాయకుడిగా ఇవ్వాలి. గ్రూపులోని ఈవెంట్లు అన్నీ కలిసి కౌంటర్లెక్కుతాయి, లేదా ఒక్కటీ ఎక్కదు. కాబట్టి క్యాష్ మిస్‌లు, ఇన్‌స్ట్రక్షన్లు ఒకే గ్రూపులో ఉంటే సగం సమయమే లెక్కించినా రెండూ అదే సగాన్ని చూస్తాయి, వాటి నిష్పత్తి ఆ సగానికి నిజమవుతుంది. విడివిడిగా ఉంటే ఒకటి ఫైలు చదివే దశను, మరొకటి గణన దశను ఎక్కువగా చూసి ఉండవచ్చు.

గ్రూపును పెద్దదిగా కట్టాలనే కోరిక సహజం, దానిని అదుపులో పెట్టండి. నాలుగు సాధారణ కౌంటర్లున్న యంత్రంపై మూడేసి ఈవెంట్ల గ్రూపులు రెండు కడితే ఒకసారికి ఒకటే ఎక్కుతుంది, ఒక కౌంటర్ ఎప్పుడూ ఖాళీ. రెండేసి ఈవెంట్ల గ్రూపులు మూడు కడితే నాలుగు కౌంటర్లూ పనిచేస్తాయి, ఒక్కో గ్రూపుకు మూడింట రెండు వంతులు దక్కుతాయి. మొత్తం ఆరు ఈవెంట్లే అయినా కట్టిన తీరును బట్టి వాటా 50 నుంచి 66.67 శాతానికి పెరిగింది. ఏ నిష్పత్తికి ఏ రెండు ఈవెంట్లు కావాలో ముందు కాగితంపై రాసుకుని, ఆ జంటలనే గ్రూపులు చేయడం నేను పాటించే పద్ధతి.

అంచనా అసలు వద్దనుకున్న ఈవెంట్‌ను పిన్ చేయవచ్చు. పెర్ఫ్‌లో ఈవెంట్ పేరు తర్వాత కోలన్ పెట్టి క్యాపిటల్ డి రాయాలి, సిస్టమ్ కాల్‌లో పిన్డ్ బిట్ పెట్టాలి. పిన్ ఈవెంట్ వంతుల్లోకి రాదు. దానికి చోటు దొరకకపోతే మాత్రం ఎర్రర్ స్థితికి వెళ్లిపోతుంది, ఆ తర్వాత రీడ్ చేస్తే 0 బైట్లు వస్తాయి. దీనిని లోపంగా కాక మేలుగా చూడాలి, ఎందుకంటే తప్పు సంఖ్య ఇవ్వడం కంటే సంఖ్య ఇవ్వకపోవడం మంచిది. అయితే నలుగురు వాడే యంత్రంలో ప్రతి సీపీయూపై ఈవెంట్లను పిన్ చేసి వదిలేయడం మిగతావారికి అన్యాయం. ఎప్పుడూ నడిచే పర్యవేక్షణ ప్రోగ్రామ్ రాసేవారు పిన్ వాడకుండా, రెండు సమయాలను చదివి అంచనా కట్టుకోవాలని గట్టిగా కోరుతున్నాను.

ఒకే ఈవెంట్‌ను ఇద్దరు అడిగితే

ఇద్దరు ఒకే సీపీయూపై ఒకే సైకిల్స్ ఈవెంట్‌ను అడిగితే కెర్నెల్ ఒక కౌంటర్‌తో ఇద్దరికీ చెబుతుందని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. ప్రతి ఈవెంట్‌కు విడి కౌంటర్ కేటాయిస్తుంది. పది సాధనాలు సైకిల్స్ అడిగితే అవన్నీ ఒకే విలువ కోసం కౌంటర్లను వంతులు వేసుకుంటాయి.

దీనికి ఒక మార్గం 2021లో 5.13 కెర్నెల్‌తో పాటు వచ్చిన పెర్ఫ్‌లో చేరింది. దానిని బీపెర్ఫ్ అంటారు, పెర్ఫ్ స్టాట్‌కు బీపీఎఫ్ కౌంటర్స్ ఆప్షన్ ఇస్తే పనిచేస్తుంది. కెర్నెల్ లోపల చిన్న ప్రోగ్రాములను నడిపే సౌకర్యమే బీపీఎఫ్. ఇందులో ప్రతి సీపీయూపై ఒక్కో రకం ఈవెంట్‌ను ఒక్కసారే తెరుస్తారు. టాస్క్ మారే ప్రతిసారీ ఒక చిన్న బీపీఎఫ్ ప్రోగ్రామ్ ఆ కౌంటర్‌ను చదివి, క్రితంసారితో ఉన్న తేడాను, ఆ టాస్క్‌పై ఆసక్తి చూపిన ప్రతి కొలతకూ కలుపుతుంది. వేర్వేరు పెర్ఫ్ ప్రాసెస్‌లు ఒకే ఈవెంట్‌ను గుర్తించడానికి బీపీఎఫ్ ఫైల్ సిస్టమ్‌లో పిన్ చేసిన ఒక మ్యాప్‌ను చూసుకుంటాయి, ఒకేసారి ఇద్దరు దానిని మార్చకుండా ఫైల్ లాక్ వేస్తాయి. దీనికి బీపీఎఫ్ నడపగల అనుమతి ఉండాలి, పెర్ఫ్‌ను బీపీఎఫ్ స్కెలిటన్ మద్దతుతో నిర్మించి ఉండాలి. ఇది లెక్కింపుకు మాత్రమే, శాంప్లింగ్‌కు (ప్రోగ్రామ్ ఎక్కడ నడుస్తోందో మధ్యమధ్యలో నమోదు చేయడానికి) కాదు. ఒకే సర్వర్‌పై చాలా బృందాలు ఒకే రకం ఈవెంట్లు కొలిచే చోట దీనికి మించిన పరిష్కారం నాకు కనిపించలేదు.

కెర్నెల్ లోపల నిజంగా పంచుకోవడం జరిగే ఒక చోటు ఉంది. కోర్ బయటికి వెళ్లే మెమరీ అభ్యర్థనలను లెక్కించే ఇంటెల్ ఆఫ్‌కోర్ రెస్పాన్స్ ఈవెంట్లకు కౌంటర్‌తో పాటు అదనపు రిజిస్టర్ ఒకటి కావాలి, దానిని ఒకే కోర్‌లోని జంట థ్రెడ్లు ఉమ్మడిగా వాడతాయి. రెండు థ్రెడ్లూ అందులో ఒకే విలువ కోరితే కెర్నెల్ ఎందరు వాడుతున్నారో లెక్కపెట్టుకుంటూ ఇద్దరికీ అదే ఇస్తుంది. వేర్వేరు విలువలు కోరితే, రెండో రిజిస్టర్ ఉన్న మోడళ్లలో దానికి మళ్లించి చూస్తుంది, అదీ కుదరకపోతే ఆ ఈవెంట్ ఆగుతుంది. శాండీ బ్రిడ్జ్, ఐవీ బ్రిడ్జ్, హాస్వెల్ కోర్లలో ఇంకో ఇబ్బంది ఉంది. కొన్ని మెమరీ ఈవెంట్లు ఒక థ్రెడ్‌పై నడుస్తుంటే జంట థ్రెడ్‌లోని అదే నంబరు కౌంటర్‌ను పాడుచేసే హార్డ్‌వేర్ లోపం అది. 4.1 కెర్నెల్ నుంచి ఆ రెండు కౌంటర్లు ఒకేసారి వాడకుండా కెర్నెల్ అడ్డుకుంటోంది. కాబట్టి పాత సర్వర్లపై మెమరీ ఈవెంట్లు కొలిచేటప్పుడు పక్క థ్రెడ్‌పై ఎవరు కొలుస్తున్నారో కూడా మీ వాటాను మారుస్తుంది.

మెమరీ కంట్రోలర్, విద్యుత్ వినియోగం వంటి కోర్ బయటి కౌంటర్లు ఏ ఒక్క ప్రాసెస్‌కూ చెందవు. వాటిని సీపీయూ సంఖ్య ఇచ్చి మాత్రమే తెరవాలి. ఏ సీపీయూపై తెరవాలో ఆ పీఎంయూ డైరెక్టరీలోని సీపీయూ మాస్క్ ఫైలు చెబుతుంది.

అనుమతుల గురించి క్లుప్తంగా: పెర్ఫ్ ఈవెంట్ పారనాయిడ్ అనే సిస్‌కంట్రోల్ విలువ 2 అయితే మామూలు వినియోగదారు తన ప్రాసెస్‌ల యూజర్ స్పేస్‌ను మాత్రమే కొలవగలరు, 1 అయితే తన ప్రాసెస్‌ల కెర్నెల్ భాగాన్ని కూడా, 0 అయితే మొత్తం సీపీయూను కూడా కొలవగలరు. నలుగురు వాడే యంత్రంలో ఆ విలువను అందరికీ తగ్గించే బదులు, 2020లో 5.8తో వచ్చిన క్యాప్ పెర్ఫ్‌మాన్ అనే ప్రత్యేక అనుమతిని కొలిచేవారికి మాత్రమే ఇవ్వండి.

ప్రోగ్రామ్ లోపలినుంచి చదవడం

చిన్న ఫంక్షన్‌ను కొలిచేటప్పుడు రీడ్ సిస్టమ్ కాల్ ఖర్చే కొలతను మింగేస్తుంది. ఎక్స్86పై ఈవెంట్ డిస్క్రిప్టర్‌ను ఎంమ్యాప్ చేస్తే (ప్రోగ్రామ్ మెమరీలోకి తెచ్చుకుంటే) వచ్చే మొదటి పేజీ సాయంతో ఆర్‌డీపీఎంసీ ఇన్‌స్ట్రక్షన్ ద్వారా నేరుగా చదవవచ్చు. కౌంటర్ మన చేతిలో శాశ్వతంగా ఉండదు, చదువుతుండగానే కెర్నెల్ దానిని మరొకరికి ఇవ్వవచ్చు, కాబట్టి క్రమం తప్పకూడదు. ముందు పేజీలోని లాక్ విలువను చదివి కంపైలర్ బారియర్ (కంపైలర్ ఈ క్రమాన్ని మార్చకుండా ఆపే అడ్డు) పెట్టండి. తర్వాత ఇండెక్స్, ఆఫ్‌సెట్, రెండు సమయాలను చదవండి. ఇండెక్స్ 0 అయితే ఆ క్షణంలో ఈవెంట్ ఏ కౌంటర్‌పైనా లేదు, ఆర్‌డీపీఎంసీ పిలవవద్దు. కాకపోతే ఇండెక్స్‌లోంచి 1 తీసివేసి ఆ కౌంటర్‌ను చదవండి. వచ్చిన విలువను పేజీలో ఇచ్చిన పీఎంసీ (కౌంటర్) వెడల్పు మేరకు సైన్ ఎక్స్‌టెండ్ చేసి (పై బిట్‌ను 64 బిట్ల వరకు పొడిగించి) ఆఫ్‌సెట్‌కు కలపండి. మళ్లీ బారియర్ పెట్టి లాక్‌ను చదవండి, అది మారి ఉంటే చదివినదంతా వదిలేసి మొదటినుంచి చేయండి. సైన్ ఎక్స్‌టెన్షన్ మరిచిపోతే అప్పుడప్పుడు 2 యొక్క 48వ ఘాతమంత తేడా వస్తుంది. ఫలితంలో అటువంటి పెద్ద అంకె చూస్తే ముందుగా ఆ వరుసనే సరిచూడండి.

చివరగా, తొమ్మిది ఈవెంట్లు కావలసిన ఒక కొలతను నాలుగు కౌంటర్ల యంత్రంపై నేను ఎలా చేస్తానో చెబుతాను. ప్రోగ్రామ్‌ను మళ్లీ మళ్లీ నడపగలిగితే వంతుల జోలికి వెళ్లను. వాచ్‌డాగ్ ఆపి, ఎఫ్‌డీ జాబితా చూసి, మూడేసి ఈవెంట్లతో మూడు పరుగులు నడుపుతాను. ప్రతి పరుగులోనూ యూజర్ స్పేస్ ఇన్‌స్ట్రక్షన్ల ఈవెంట్‌ను తోడుగా పెడతాను, అది స్థిర కౌంటర్‌పై ఉంటుంది కాబట్టి చోటు తినదు. మూడు పరుగుల్లో ఆ లెక్క దాదాపు సమానంగా వస్తేనే మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తాను. తేడా ఎక్కువైతే ప్రోగ్రామ్ ఒక్కో పరుగులో ఒక్కో దారి పట్టిందని అర్థం, అప్పుడు ఆ ఈవెంట్లను కలిపి వ్యాఖ్యానించను. మళ్లీ నడపడానికి వీల్లేని సజీవ సర్వర్ అయితే జంటల గ్రూపులు కట్టి, కనీసం కొన్ని నిమిషాలు కొలిచి, కామాలతో వేరుచేసిన ఫలితం కోరుతాను. ఆ ఫలితంలో రన్నింగ్ సమయం, శాతం విడి గడులుగా వస్తాయి కాబట్టి, సంఖ్యతో పాటు అవి కూడా నివేదికలోకి తప్పకుండా వెళతాయి. పని ముగిశాక ఎన్ఎంఐ వాచ్‌డాగ్ ఫైలులో తిరిగి 1 రాసి, పారనాయిడ్ విలువ మార్చి ఉంటే పాతదే పెట్టి, నేను తెరిచిన ఈవెంట్లేవీ ఎఫ్‌డీ జాబితాలో మిగల్లేదని చూసుకున్నాకే యంత్రాన్ని తర్వాతివారికి అప్పగిస్తాను.